పిల్లి మీద నెట్టిన నేరం

ఆ ఇంట్లో పిల్లి మాటెత్తితే చాలు, బుల్లిబాబుకి గొంతులో పచ్చివెలక్కాయ పడ్డట్టయ్యేది. మూడు నెలలుగా ఇదే వరస. ప్రతి ఆదివారం నర్సీపట్నంలోని తన మోటారు వైండింగు షాపు కట్టేసి, అరడజను బత్తాయిలు పట్టుకుని సింగన్నగారింటికి వెళ్ళడం, ఆయన భార్య సత్యలక్ష్మిగారు పిల్లిని తిట్టిపోస్తుంటే తల వంచుకుని వినడం.

"పాడు పిల్లి! కాళ్లకడ్డం పడి మా ఆయన్ని మంచాన పడేసింది. గోనెసంచిలో కట్టించి గొలుగొండ అవతల తోటల్లో ఒదిలించీసేను," అనేదావిడ. "నువ్వు మాత్రం కన్నకొడుకులాగ ఒస్తన్నావు నాయనా."

కన్నకొడుకట! ఆవిడ చెప్పు తీసి కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

సింగన్న, సత్యలక్ష్మి అంటే ఒకప్పుడు ఈ చుట్టుపక్కల జాతరల్లో నాటకానికి ప్రాణం. రాజుల కథ నడుమ వీళ్ళ మొగుడూ పెళ్ళాల తగువు రాకపోతే జనం చాపలు చుట్టుకుని లేచిపోయేవారు. ఆయన భోజనానికి కూర్చోబోతాడు, ఆవిడ కాలితో పీట లాగేస్తుంది. ఆయన దబ్బున పడి, ఏమీ ఎరగనట్టు విస్తరాకు కోసం తడుముతూ, "ఇస్తరేదే?" అంటాడు. అంతే, మైదానమంతా "వన్స్ మోర్!" ఎన్నిసార్లు అరిస్తే అన్నిసార్లూ పడేవాడు. చిన్నప్పుడు తండ్రి భుజమెక్కి అందరికన్నా గట్టిగా అరిచింది బుల్లిబాబే.

ఈ వేసవిలో ఫ్యాను బాగుచెయ్యమని పిలిస్తే ఒకింటికి వెళ్ళాడు. చూస్తే సింగన్న! "అయ్యబాబోయ్, మీరా!" అని కాళ్ళకి దణ్ణం పెట్టాడు. ఆవిడ టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళింది. "గురువుగారూ, ఆ పీట సీను ఒక్కసారి," అని ఇతగాడు బతిమాలాడు. డెబ్బయ్యారేళ్ళ మనిషి, పంచె ఎగ్గట్టి, గోడ పట్టుకుని మెల్లిగా పడి, "ఇస్తరేదే?" అన్నాడు.

అంతటితో చప్పట్లు కొట్టి ఊరుకుంటే ఏం పోయేది? ఊరుకున్నాడా! "వన్స్ మోర్!" అని ఈల వేశాడు, నలభై ఎనిమిదేళ్ళ గాడిద.

సింగన్న మొహం వెలిగిపోయింది. "వన్స్ మోరన్నాక పడాల్సిందే. ఏనాడూ కాదన్నేదు," అంటూ, గోడ వదిలేసి, ఈసారి నిజంగా పడ్డాడు. తుంటి ఎముక విరిగిన చప్పుడు బుల్లిబాబుకి ఇప్పటికీ వినబడుతుంది. ఆవిడ పరుగెత్తుకొస్తే ఆయనే పళ్ళు బిగబట్టి, "పిల్లి అడ్డమొచ్చిందే," అన్నాడు. బుల్లిబాబు నోరు మెదపలేదు. పైగా, హమ్మయ్య, బతికిపోయాననుకున్నాడు. తల్చుకుంటే అన్నిటికన్నా సిగ్గు దానికే.

ఈ ఆదివారం ఆవిడ వీధరుగు మీద కూర్చుని బత్తాయి వలుస్తూ, "ఇంక నడవనేడంట బాబూ. నిన్న డాకటరు సెప్పేసినాడు. ఆ పిల్లి..." అంటుండగా ఆగలేకపోయాడు.

"పిల్లి తప్పు నేదమ్మా. వన్స్ మోరని నేనే అరిసాను. నేనే పడేసానమ్మా ఆయన్ని!" అని లోపలికి వినబడకుండా ఏడ్చేశాడు.

ఆవిడ చేతిలోని తొన అరుగు మీద పెట్టేసింది.

"ఇన్నాను," అంది. "టీ గ్లాసులట్టుకుని తలుపు పక్కనే ఉన్నాను. ఒద్దయ్యా అని ఒక్క కేకెయ్యొచ్చు. ఎయ్యనేదు. ఆ వన్స్ మోరు ఇని ఎన్నేళ్లయింది బాబూ! అది ఇనగానే ఆయన మొకం ఎలాగ ఎలుగుతాదో మళ్లీ సూడాలనిపించింది."

"మరి పిల్లి?"

"అది నా కాళ్ల దగ్గరే ఉందప్పుడు. ఆ తరవాత దాన్ని సూస్తే నాకు ముద్ద దిగేది కాదు." ఆవిడ కొంగుతో మొహం కప్పుకుంది.

లోపల మంచం మీంచి సింగన్న గొంతు హుషారుగా వినబడింది.

"ఏటీ గుసగుసలు? మంచి జోకైతే మళ్లీ ఓసారి సెప్పండి, నానూ ఇంటాను!"