గోడ వైపు తిరిగిన టీచరు

మా ట్యూషన్ కంపెనీలో ఒక రూలుంది. రోజూ చేయించే చివరి లెక్క తప్పనిసరిగా ఒప్పు కావాలి. పిల్ల నవ్వుతూ బల్ల దగ్గర్నుంచి లేవాలి, ఆ నవ్వు చూసి తల్లి మురిసిపోవాలి. ఉద్యోగంలో చేరిన మొదటిరోజే ఈ సంగతి మాకు గంటసేపు బోధిస్తారు. బోధించేది మా మేనేజరు. నా పెద్దకొడుకు వయసుంటుంది. జీవితంలో ఒక్క పిల్లాడికైనా ఎక్కం నేర్పిన పాపాన పోలేదు. అయినా ఆ రూలు నాకూ నచ్చింది.

నేను ఇళ్లకు వెళ్లి లెక్కలు చెబుతాను. బడిలో పదహారేళ్లు చెప్పాను, ఈ కంపెనీలో ఆరేళ్లు. ఎవరి దగ్గరా నిలవని మొండి ఘటాలను నాకే అంటగడతారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది గానీ పిల్లల మీద చూపించను, మేనేజరు కోసం దాచిపెడతాను. నా చేతిలో పడితే రాయి కూడా లెక్కలు చేస్తుందని ఆఫీసులో అంటారు. ఎవరూ అనకపోతే నేనే గుర్తు చేస్తాను.

అలా నా చేతిలో పడ్డ పిల్ల పిచ్చుక. అది వాళ్ల తాత పెట్టిన ముద్దుపేరు, ఇంట్లో అసలు పేరు ఎవరూ వాడరు. చదివేది ఏడో తరగతి. తల్లి ఆస్పత్రిలో నర్సు. తాతగారు నలభై ఏళ్లు చేతిగడియారాలు బాగుచేసి, దగ్గరి చూపు మందగించాక మానేశారు. మేం కూర్చునే గదిలోనే కిటికీ పక్కన పేపరు పట్టుకుని ఉండేవారు. పిచ్చుక లెక్కల్లో తప్పితే ఆ ఏడాది మళ్లీ చదవాల్సిందే. స్నేహితురాళ్లంతా పై తరగతికి పోతారు, తనొక్కతే మిగిలిపోతుంది. ఆ భయంతోనే నన్ను పెట్టుకున్నారు.

రెండో వారానికల్లా పిల్ల దారిలో పడింది. భిన్నాలు ఇచ్చినా, శాతాలు ఇచ్చినా చకచకా చేసేసేది. మధ్యలో ఒక్క క్షణం ఆగి, తల కాస్త ఎత్తి, మళ్లీ రాసేది. ఆలోచిస్తోంది కదా అని పొంగిపోయేదాన్ని. రోజూ పంపే రిపోర్టులో "అద్భుతమైన ప్రగతి" అని రాశాను. మేనేజరు దాన్ని మిగతా టీచర్లకు చదివి వినిపించాడట. నాకు ఇక నేల మీద కాళ్లు ఆనలేదు.

రెండు నెలలకు బడిలో పరీక్ష జరిగింది. పిచ్చుకకు వందకు పదకొండు వచ్చాయి.

నాకు తల కొట్టేసినట్టయింది. ప్రశ్నపత్రం అన్యాయంగా ఇచ్చి ఉంటారన్నాను. పిల్ల భయపడి ఉంటుందన్నాను. చివరికి పరీక్ష గదిలో గాలి ఆడి ఉండదని కూడా అన్నాను. తల్లి నా రిపోర్టులన్నీ ఉన్న ఫైలును బల్ల మీద పెట్టి డ్యూటీకి వెళ్లిపోయింది. బడివాళ్లు మూడు వారాల్లో మళ్లీ ఒక్కసారి రాయనిస్తామన్నారు. ముప్పై అయిదు రావాలి. రాకపోతే అంతే.

ఆ రోజు చెప్పులు వేసుకుంటుంటే తాతగారు గుమ్మం దాకా వచ్చారు.

"ఏమీ అనుకోకపోతే ఒక మాట చెప్తానమ్మా."

"చెప్పండి బాబాయ్ గారూ."

"అది లెక్క చూడట్లేదు. మిమ్మల్ని చూస్తోంది. సరైన దారిలో పోతుంటే మీ గడ్డం కొంచెం కిందకి దిగుతుంది. తప్పుదారి పడితే మీ చేతిలో పెన్సిలు కదలడం ఆగిపోతుంది. నేను సన్న ముల్లు చూసి బతికినవాణ్ని, నాకు కనబడుతుంది. దానిక్కూడా కనబడుతోంది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇరవై రెండేళ్ల అనుభవం నాది. గడియారాలు చేసుకునే ఆయన వచ్చి నాకు చెప్పేదేమిటి? పొడిగా నవ్వి బయటపడ్డాను. ఇంటికి వెళ్లేదాకా గడ్డం బిగబట్టుకుని నడిచాను.

మర్నాడు సగానికి మూడోవంతు కలపమన్నాను. పిచ్చుక పైనున్న ఒకట్లు రెండూ కలిపి రెండు వేసింది. కింద రెండూ మూడూ కలిపి అయిదు వెయ్యబోతూ తలెత్తింది. నేను కావాలనే గడ్డం దించాను. ఆ పిల్ల హాయిగా "రెండు బై అయిదు" అని రాసి, కింద గీత కొట్టి, నా వైపు చూసి నవ్వింది.

రోజూ చివరి లెక్కకు నేను చూసే నవ్వే అది. చివరి లెక్క ఒప్పు కావాలని రోజూ ప్రాణం పెట్టి పిల్లను జవాబు దాకా లాక్కొచ్చింది నేనే. పిల్ల నన్ను పట్టుకుని దాటేసింది.

"ఇది తప్పు పిచ్చుకా."

"మీరు..." అని ఆగిపోయింది. మొహం ఎర్రబడింది.

"నన్ను చూసి రాస్తున్నావు కదూ?"

పెన్సిలు కింద పెట్టింది. తర్వాత మెల్లగా చెప్పింది. "లెక్కలు ఎంత చదివినా ఎక్కట్లేదు టీచర్. మిమ్మల్ని నేర్చుకోవడం తేలిక. ఒప్పయితే మీకు ఎంత సంతోషమో! అందుకే..."

తిట్టడానికి నోరు రాలేదు. తిట్టాల్సింది నన్నే. కుర్చీ తీసి గోడ వైపు తిప్పుకుని, పిల్లకు వీపు పెట్టి కూర్చున్నాను.

"ఇప్పుడు చెయ్యి. అయ్యాక నువ్వే సరిచూసుకుని చెప్పు."

ఎనిమిది లెక్కలిచ్చాను. ఒక్కటీ రాలేదు. పిల్ల ఏడుస్తూ లేచింది. ఆ రోజు రిపోర్టులో ఉన్నదున్నట్టు రాశాను, ఎనిమిదింటిలో సున్నా అని. మర్నాడు తొమ్మిదింటిలో ఒకటి. ఆ తర్వాతి రోజు మళ్లీ సున్నా.

నాలుగో రోజు మేనేజరు ఫోన్ చేశాడు. "మేడమ్, ఇవి రిపోర్టులా, చావుకబుర్లా? చివరి లెక్క సంగతి మర్చిపోయారా?"

"మర్చిపోలేదు బాబూ. దాని పుణ్యమే ఇదంతా."

"వాళ్లింటికి ఇంకో టీచర్ని పంపుతా. మీరు కాస్త రెస్టు తీసుకోండి."

నాకు భయం వేసింది. కొత్త మనిషి వస్తే పిచ్చుక ఆవిడ మొహాన్ని వారంలో బట్టీ పట్టేస్తుంది. పరీక్షకు పదిహేడు రోజులే ఉన్నాయి.

సాయంత్రం వెళ్లేసరికి తల్లి ఇంట్లోనే ఉంది, డ్యూటీ బట్టలైనా మార్చుకోలేదు.

"మీ మేనేజరు మాట్లాడాడు," అంది. "వేరే టీచర్ని పంపుతాడట."

"మీరేమన్నారు?"

"మా వార్డులో జ్వరం ఎంతుంటే అంతే రాస్తాం. నూట మూడుని తొంభై తొమ్మిదని రాస్తే చూసినవాళ్లకి బావుంటుంది, అంతే. మీరే రావాలని చెప్పేశాను. మీ పాత రిపోర్టులు గుర్తొస్తే మాత్రం ఒళ్లు మండుతోంది టీచర్ గారూ."

"మండాలి. తప్పు నాదే," అన్నాను. అంతకు మించి ఏం చెప్పినా సాకే అవుతుంది. ఆవిడ బట్టలు మార్చుకోవడానికి లోపలికి వెళ్లింది.

గోడ వైపు కూర్చోవడం చెప్పినంత సులువు కాదు. పాఠం చెప్పేటప్పుడు ఇటు తిరిగేదాన్ని, లెక్క ఇవ్వగానే అటు తిరిగేదాన్ని. ఆ గోడ మీద పెచ్చు ఊడినచోటు ఒకటుంది, దాన్ని చూస్తూ నోరు బిగించుకుని కూర్చుంటే నా దవడలు నొప్పెట్టేవి. వెనక రబ్బరు గరగరలాడితే ప్రాణం లాగేసేది. ఒక రోజు సగానికి మూడోవంతు కలపమని మళ్లీ ఇచ్చి తిరిగాక, ఉన్నట్టుండి పర్రుమని కాగితం చిరిగిన చప్పుడు వినిపించింది. మళ్లీ ఒకటి. విసుగెత్తి నోట్సు చింపేస్తోందనుకున్నాను. సగం తిరిగాను, తాతగారు పేపరు చాటునుంచి వద్దన్నట్టు చెయ్యి ఊపారు. పళ్లు బిగబట్టి మళ్లీ గోడకేసి చూశాను.

బల్ల మీద కాగితం ముక్కలు జరిపిన చప్పుడు వినిపించింది.

"టీచర్, ఇది తప్పు."

"ఏది?"

"నేను రాసింది. రెండు బై అయిదు. సగం కాగితానికి ఇంకో ముక్క పెడితే పెరగాలి కదా? రెండు బై అయిదు ముక్కని సగం పక్కన పెట్టి చూశా, సగం కంటే చిన్నదిగా ఉంది. ఎక్కడో తేడా కొట్టింది. మీరు తిరగొద్దు, మళ్లీ చేస్తా."

నేను తిరగలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ అవి గోడకే కనబడ్డాయి. పది నిమిషాల తర్వాత "అయిదు బై ఆరు. సరిచూసుకున్నా," అంది. ఒప్పో కాదో అడగలేదు. అడగలేదన్న సంగతి తనకు తెలిసినట్టు కూడా లేదు.

అక్కణ్నుంచి పరుగులేమీ తీయలేదు. ఎనిమిదింటిలో మూడు వచ్చేవి, ఒక్కోరోజు రెండే. పరీక్ష ముందురోజు నాలుగు వచ్చాయి, చివరిది తప్పు. తప్పెక్కడో వెతుక్కుంటూనే పుస్తకాలు సర్దుకుంది. నేను ధైర్యం చెప్పబోయి ఊరుకున్నాను, నాకే ధైర్యం లేదు.

ఫలితం వచ్చిన సాయంత్రం మామూలు కంటే ముందే వెళ్లాను. తలుపు తీసింది తాతగారు. మార్కుల కాగితం ఆయన చేతిలోనే ఉంది.

"ముప్పై ఎనిమిది," అన్నారు. కళ్లద్దాలు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చూసి, మళ్లీ "ముప్పై ఎనిమిదే," అన్నారు.

పిచ్చుక ఆయన వెనకనుంచి వచ్చింది. ఎగిరి గంతేస్తుందనుకున్నాను. ఓణీ లాంటిదేదో దొరికితే మెలిపెట్టేదేమో, ఏమీ దొరక్క వేళ్లు విరుచుకుంటూ నిలబడింది.

"భయమేసిందా పరీక్షలో?"

"మొదట వేసింది." తాతగారి చెయ్యి పట్టుకుంది. "మీకు కోపం రాదంటే ఒకటి చెప్తా."

"రాదు, చెప్పు."

"లెక్కలు చేస్తున్నంతసేపూ మీరు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు టీచర్. బయటికొచ్చాక గుర్తొచ్చారు."

తప్పు ఒప్పుకున్నదానిలా తల వంచుకుంది. నిజం చెప్పొద్దూ, నా మనసు చివుక్కుమంది. ఆ వెంటనే ఎక్కడలేని సంతోషం ముంచుకొచ్చింది. పిల్లను దగ్గరికి తీసుకుని "చాలా మంచి పని చేశావు" అన్నాను.