పాలన్నం పొయ్యి మీదుంది

“బాగానే ఉందమ్మా. కానీ మీ అమ్మ చెయ్యి కాదు” అని నాన్న నాలుగోసారి కూడా గిన్నె పక్కకి జరిపేశాడు. ఆయన తప్పేం లేదు, పాపం. నోట్లో పెట్టుకోగానే కూతురికే తెలిసిపోయింది. పాలున్నాయి, అన్నముంది, పంచదారుంది, అమ్మ మాత్రం లేదు.

అమ్మ పోయి ఎనిమిది నెలలు. నాన్న రెండు పెట్టెలు పట్టుకుని కూతురింటికి వచ్చేసి ఏడు నెలలు. ఈ మధ్య ఆమెకొక భయం పట్టుకుంది, ఎవరికీ చెప్పలేదు. అమ్మ మొహం మసకేసిపోతోంది. ఫొటోలో మొహం కాదు, దానికేం, గోడ మీద నిక్షేపంగా ఉంది. వంటింట్లో తిరిగే మొహం. గొంతు సంగతి సరేసరి. ఎంత చెవులు రిక్కించినా ఒక్క మాట కూడా అమ్మ గొంతుతో వినిపించడం లేదు. అందుకే పాలన్నం మీద పడింది. ఆ రుచొక్కటి నాలిక మీదికొస్తే చాలు, దాని వెనకాలే అమ్మ నడిచొచ్చేస్తుందని ఆమె నమ్మకం. పిచ్చి నమ్మకమే అనుకోండి. చేతిలో ఉన్నది అదొక్కటే.

పాలన్నమంటే బ్రహ్మవిద్యేం కాదు. చిక్కటి పాలు మరగాలి, నానిన గుప్పెడు బియ్యం అందులో మెత్తగా ఉడకాలి, చివర్లో పంచదార, చిటికెడు ఉప్పు. గరిట ఆపకుండా తిప్పాలి, అంతే. అమ్మ చేసినదాంట్లో మాత్రం ఇంకేదో ఉండేది. తీపి వెనకాల ఎక్కడో సన్నటి పొగవాసన. “ఏం వేస్తావమ్మా ఇందులో?” అంటే, “ఏముందే వెయ్యడానికి, నీ మొహం” అని నవ్వేసేది. పిన్నికి ఫోన్ చేస్తే, “అదంతా అక్క చేతి మహిమే, మనకెక్కడొస్తుంది” అంది. అందరిదీ అదే పాట, చెయ్యి, చెయ్యి, చెయ్యి. ఆ చెయ్యి లోపల ఏం చేసేదో చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. అందరూ బయటి గదిలో కూర్చుని గిన్నె కోసం ఎదురుచూసినవాళ్ళే, తనతో సహా.

ఆ నాలుగుసార్లూ ఐదింటికే లేచి చేసింది, ఇల్లింకా నిద్రలో ఉండగా. ఆ వేళ ఆమెని పిలిచేవాళ్ళెవరూ ఉండరు. కిటికీ అద్దాల మీద ఆవిరి పట్టి, అవతల వీధి ఉందో లేదో తెలిసేది కాదు. స్టూలు మీద కూర్చుని గరిట తిప్పుతూ ఉంటే కాసేపటికి వేళ్ళు ఎవరివో అయిపోయేవి. పాలు చిన్నగా గుసగుసలాడేవి. ఇదిగో, వచ్చేస్తోంది, వెనకాలే నిలబడింది అనిపించేది. ఆరింటికి దించి చూస్తే తెల్లగా, నున్నగా, మచ్చ లేకుండా పాలన్నం. రుచి చూస్తే అమ్మ జాడ లేదు. ఆ తర్వాత టిఫిన్లు, నాన్న మాత్రలు, భర్త చొక్కా ఇస్త్రీ, బస్సు.

ఆమె ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో పదకొండేళ్ళుగా పనిచేస్తోంది. కంప్యూటర్ మీద గీతలు గీస్తూ ఉంటే సార్ వెనకనుంచి వచ్చి, “వంటిల్లు రెండడుగులు తగ్గించెయ్యండి మేడమ్, హాలు కాస్త విశాలంగా వస్తుంది. వంటింట్లో ఉండేది ఒక్కరేగా” అంటాడు. ఇల్లు కట్టించుకునే పార్టీ వస్తే మళ్ళీ ఆయనే, “మేడమ్, మీ చెయ్యి పడితే ఆ టీకే ఒక రుచి” అని లేపుతాడు. గీత సగంలో వదిలేసి లేస్తుంది. తిరిగొచ్చాక ఎక్కడ ఆపిందో వెతుక్కోడానికి పావుగంట పడుతుంది. సాయంత్రానికి, “మీరు కాస్త స్లో మేడమ్” అనిపించుకుంటుంది. నవ్వి ఊరుకుంటుంది.

ఐదోసారి మాత్రం లెక్క తప్పింది. ఆదివారం కదా, మెలకువ రాలేదు. పాలు పొయ్యి మీద పెట్టేసరికి పది దాటింది. ముందు గదిలో భర్త పేపరుతో, నాన్న టీవీతో కొలువు తీరి ఉన్నారు. బియ్యం ఉడికింది, పాలు చిక్కబడ్డాయి, పంచదార పడింది. సరిగ్గా అప్పుడు భర్త కేకేశాడు.

“ఏమోయ్, ఒకసారి ఇలా రా.”

మంట తగ్గించి వెళ్ళింది. కళ్ళజోడు కనబడలేదట. పేపరు ఎత్తితే దాని కిందే ఉంది. “ఎలాగూ వచ్చావుగా అమ్మాయ్, ఒక గ్లాసు మంచినీళ్ళు” అన్నాడు నాన్న. నీళ్ళిచ్చి వెనక్కి తిరిగితే, “ఆ కిటికీ తలుపొకటి వేసెళ్ళు, ఎండ కొడుతోంది” అన్నాడు భర్త. మహా అయితే మూడు నిమిషాలు.

వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ పొగవాసన. గబగబా వెళ్ళి గరిట పెడితే అడుగున బరువుగా పట్టుకుంది.

“అయ్యో” అంది.

అది తన గొంతు కాదు. అంతలా వెతికిన గొంతు తన నోట్లోంచే వచ్చింది. కొంచెం దీర్ఘం తీసి, పైకి వినపడకుండా, ఎవరినీ ఏమీ అనకుండా, అచ్చం అమ్మే. దాని వెనకాల మొహం కూడా వచ్చింది. ముందు గదిలోంచి “ఏమే, నా తువ్వాలు!” అని నాన్న అరిస్తే, తడి చేతులు తుడుచుకుంటూ పరుగెత్తే అమ్మ. తిరిగొచ్చి గిన్నెలోకి వంగి “అయ్యో” అనుకునే అమ్మ. అడుగు కదపకుండా పైదంతా ఇంకో గిన్నెలోకి వంపేసి, నవ్వు మొహంతో పట్టుకొచ్చి అందరికీ వడ్డించే అమ్మ. అందరూ కునుకు తీసే వేళ మాడిన గిన్నె ముందేసుకుని పీచుతో తోముతూ తోముతూ ఉండే అమ్మ. కూతురు చూసింది ఆ తోమడమొక్కటే. పాలగిన్నె కదా, అంతే కాబోలు అనుకుంది.

స్టూలు మీద కూలబడి ఏడ్చింది. దొరికినందుకు ఏడ్చిందో, దొరికింది ఇలాంటిదైనందుకు ఏడ్చిందో ఆమెకే తెలీదు.

ఆ రోజు నాన్న మొదటి చెంచాకే కళ్ళు మూసుకున్నాడు. “ఇదేనమ్మా! ఇదే మీ అమ్మ చెయ్యి. ఎన్నాళ్ళకి పట్టుకున్నావే” అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. భర్త కూడా మెచ్చుకున్నాడు. “ఇంక ప్రతి ఆదివారం చేసెయ్. మామయ్యగారి మొహం చూడు, ఎలా వెలిగిపోతోందో.”

ఆ వారమంతా ఆమె ఈ లోకంలో లేదు. బస్సులో కూర్చున్నా, తెర మీద గోడలు గీస్తున్నా ముక్కులో ఆ పొగవాసనే, చెవిలో ఆ “అయ్యో”నే. ఎంత సులువో చూడండి. పిలిచినప్పుడు లేచి వెళ్తే చాలు, ఆదివారం ఆదివారం అమ్మ వచ్చి వెనకాల నిలబడుతుంది. వెళ్ళకపోతే రాదు. నిజంగా వెళ్దామనే అనుకుంది. అమ్మ కోసం మూడు నిమిషాలు ఎవరికి బరువు? అలా అనుకుంటూనే గుర్తు చేసుకుంది, ముందు గదిలోంచి కేకేసింది నాన్నొక్కడే కాదు. “అమ్మా, నా రిబ్బనెక్కడ?” అని అరిచిన పిల్ల తనే. అది గుర్తొచ్చాక రెండు రోజులు అన్నం సయించలేదు.

మళ్ళీ ఆదివారం వచ్చింది. పదింటికి పాలు పెట్టింది, కావాలనే. బియ్యం ఉడికింది, పాలు చిక్కబడ్డాయి, పంచదార పడింది.

“ఏమోయ్, ఒకసారి ఇలా రా.”

కాళ్ళు వాటంతటవే లేచాయి. గరిట చేతిలోనే ఉంది. గిన్నెలోకి చూస్తూ నిలబడింది. ఆవిరి మొహానికి వెచ్చగా తగిలింది.

“ఏమోయ్!”

“రాలేనండీ. పాలన్నం పొయ్యి మీదుంది.”

“ఒక్క నిమిషమే.”

“ఆ నిమిషమే కుదరదు. ఏం కావాలో మీరే చూసుకోండి.”

ముందు గదిలో కుర్చీ జరిగింది, ఏదో సొరుగు తెరుచుకుంది, మూసుకుంది. ఆమె గరిట తిప్పుతూనే ఉంది. వాసన రాలేదు. వెనకాల ఎవరూ నిలబడలేదు. అయినా చెయ్యి ఆపలేదు. దించేసరికి అడుగు కూడా తెల్లగా ఉంది.

మూడు గిన్నెల్లో వడ్డించింది. ఎప్పుడూ నిలబడి వడ్డించే మనిషి తన గిన్నె కూడా తెచ్చుకుని బల్ల దగ్గర కూర్చుంది. భర్త ఒకసారి ఆమె వంక, ఒకసారి గిన్నె వంక చూసి తినడం మొదలుపెట్టాడు. నాన్న ఒక చెంచా నోట్లో పెట్టుకుని దిగులుగా తల ఊపాడు.

“మళ్ళీ పోయిందమ్మా. పోయిన వారం ఎంత బాగా కుదిరింది! ఇది మీ అమ్మది కాదు.”

“పోయిన వారం మీరిద్దరూ పిలిస్తే వచ్చాను నాన్నా, అడుగంటింది” అంది. “అమ్మకీ అంతే. నువ్వు పిలిచేవాడివి, నేను పిలిచేదాన్ని. ఇన్నేళ్ళూ మనం లొట్టలేసుకుంటూ తిన్నది ఆ మాడు.”

నాన్న చెంచా గిన్నెలోనే ఉండిపోయింది. “మరి ఒక్కసారైనా చెప్పలేదేం?” అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. తెలీక అడిగాడు.

ఆమె తన గిన్నెలోంచి ఒక చెంచా తిని, ఇంకో చెంచా తిని, అప్పుడు చెప్పింది.

“అమ్మ పాలు పెట్టిన ప్రతిసారీ వండుదామనుకున్నది ఇది నాన్నా. ఒక్కసారి కూడా తినకుండానే వెళ్ళిపోయింది.”