కర్ర లేని చీపురు

ఆ ఉదయం ఆకాశం తడిసిన గొర్రె ఉన్నిలా చేల మీదికి దిగి ఉంది. వాన పడడం లేదు, వెలవడమూ లేదు. కెజియా వంటింట్లో మోకాళ్ళ మీద కూర్చుని నేల ఊడుస్తోంది. చీపురుకు కర్ర లేదు. మూడు వారాల కిందట మొగుడు జేబెజ్ దాన్ని ఊడబెరికి పట్టుకుపోయాడు. సైన్యంలో చేరిన కుర్రాళ్ళకు ఇంకా తుపాకులు రాలేదు. బడి వెనక చీపురు కర్రలు భుజాన వేసుకుని కవాతు నేర్చుకుంటున్నారు.

"దేశం కోసం ఆ మాత్రం వంగలేవా?" అన్నాడు జేబెజ్. అతను కవాతు చెయ్యడు. చేయించేవాళ్ళ పక్కన నిలబడతాడు.

నిన్నటి టపాలో వచ్చిన కాగితం బల్ల మీద ఉంది. ఈ ఇంట్లో పందొమ్మిది మొదలు ముప్పై ఎనిమిదేళ్ళ దాకా ఉన్న మగవాళ్ళలో సైన్యంలో చేరడానికి ఎవరు సిద్ధమో రాసి, ఇంటి యజమాని సంతకం పెట్టాలి. జేబెజ్ చేతిరాత అతనికే అర్థం కాదు. ఉత్తరాలే కాదు, సభల్లో అతను చదివే ఉపన్యాసాలు కూడా ఆమే రాసిపెడుతుంది. పొద్దున పనికి వెళ్తూ, "నింపి ఉంచు. భోజనానికొచ్చి సంతకం పెడతా. విల్ఫ్రెడ్‌కి పందొమ్మిది అని వెయ్యి," అన్నాడు.

"వాడికి పదిహేడే."

"చూస్తే ఎవరంటారు?"

బూట్ల తాళ్ళు కట్టుకుంటున్న కొడుకు తలెత్తలేదు. "నాన్న మాట పోకూడదు కదమ్మా," అన్నాడు.

జేబెజ్ ఆ మాట పోయిన శనివారం బడిలో జరిగిన సభలో ఇచ్చాడు. వచ్చినవాళ్ళకు టీ పోసి, వెనక గదిలో కప్పులు కడుగుతోంది కెజియా. గోడ అవతల మొగుడి గొంతు. "మా ఆవిడ తన ఒక్క కొడుకునీ సంతోషంగా ఇస్తానంది!" చప్పట్లు మోగాయి. ఆమె ఆ మాట అనలేదు, ఆమెను ఎవరూ అడగనూ లేదు. తాను రాసిచ్చిన కాగితంలోనూ ఆ వాక్యం లేదు. చేతిలో తడి కప్పు పట్టుకుని చప్పట్లు ఆగేదాకా అలాగే నిలబడింది. బయటికి వస్తుంటే రొట్టెలమ్మే పెటిట్ గారి భార్య చెయ్యి పట్టుకుని, "మీ ఆయనకి నలభై దాటాయట కదా, పాపం. లేకపోతే మా ఆయన కంటే ముందే వెళ్ళేవాడు," అంది.

నలభై. ఊడుస్తున్న చెయ్యి ఆగింది. ఇరవై ఏళ్ళుగా పెళ్ళిళ్ళలో, సంతలో, తన అక్కచెల్లెళ్ళ ముందు జేబెజ్ నవ్వుతూ చెప్పే మాట ఒకటుంది. "మా ముసల్ది నాకంటే రెండేళ్ళు పెద్దది. సగం ఉడికాకే మా ఇంటికొచ్చింది." నలుగురితో పాటు ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే ఇంటికొచ్చాక ఇంకోలా ఉండేది. యుద్ధం మొదలైనప్పటి నుంచి ఆ మాట అతని నోట వినబడలేదు. ఆమెకు ఇప్పుడు ముప్పై తొమ్మిది.

లేచి చేతులు తుడుచుకుని కలం తీసింది.

మధ్యాహ్నం తండ్రీకొడుకులు వచ్చి కూర్చున్నారు. జేబెజ్ కాగితం అందుకుని వేలితో ఒక్కో అక్షరం వెంట వెళ్ళాడు. మొదటి వరసలో అతని పేరు, వయసు ముప్పై ఏడు. రెండో వరసలో విల్ఫ్రెడ్, పదిహేడు.

"ఇదేంటి?"

"నీకంటే రెండేళ్ళు పెద్దదాన్నని నువ్వే కదా ఊరందరికీ చెప్పావు."

"ఊళ్ళో నలభై అని..."

"ఇద్దరి వయసూ పెంచావు. వాడు పోవడానికి వాడిది, నువ్వు ఉండిపోవడానికి నీది." ఆమె గొంతు పెంచలేదు. "ఎవరైనా వచ్చి అడిగితే, చర్చిలో పుట్టుకలు రాసే పుస్తకంలో ఉన్నదే చెబుతాను. ఇద్దరిదీ."

జేబెజ్ కొడుకు వైపు చూశాడు. విల్ఫ్రెడ్ ఈసారి తల దించలేదు. జేబెజ్ కలం తీసుకుని తన పేరు కొట్టేశాడు. ఆమె చూస్తూనే ఉంది. కలం రెండో వరస మీద ఆగింది, సిరా చుక్క పడింది. ఆ పేరు కూడా కొట్టేసి, కింద సంతకం పెట్టాడు.

"సాయంత్రం నా చీపురు కర్ర పట్రా," అంది కెజియా.

కుండ దించింది. పంది మాంసం, క్యాబేజీ, ఉడికిన పిండి ముద్దలు. మాంసంలో లోపలి మెత్తటి ముక్క ఎప్పుడూ జేబెజ్‌ది, అంచు తోలు ఆమెది. ఆ ముక్క తన పళ్ళెంలో వేసుకుని, తర్వాత వాళ్ళిద్దరికీ వడ్డించింది. ముగ్గురూ తిన్నారు.