పక్క ఆస్పత్రి పేర్లు

చిలకలగూడలోని పళ్ల ఆస్పత్రి నుంచి రిసెప్షనిస్టు అప్పలలక్ష్మి ఫోన్ చేసేసరికి డోరా ఇంకా టిఫిన్ డబ్బా మూత తియ్యలేదు.

"మేడమ్, మాది పళ్లాసుపత్రి కదండీ. నెల రిపోర్టు తీస్తే గర్భస్రావాల కేసులొస్తన్నాయేటండీ? పేర్లు, ఫోన్ నంబర్లు అన్నీ ఉన్నాయి. చూడకూడదని మూసేశాను."

మెట్టుగూడలోని ఆ చిన్న కంపెనీలో డోరా చేరి నాలుగు నెలలైంది. అరవై ఆస్పత్రులకు వాళ్లదే సాఫ్ట్‌వేర్. అందరి వివరాలూ క్లౌడ్‌లో ఒకే డేటాబేస్‌లో ఉంటాయి. ఏ వివరం ఏ ఆస్పత్రిదో చెప్పే నంబరు ఒకటి ప్రతి వరుసలోనూ ఉంటుంది. ప్రోగ్రాం రాసేవాడు ఆ నంబరు చూసి ఎవరివి వాళ్లకే ఇవ్వాలి. నెల రిపోర్టు రాసినవాడు అది మరిచాడు.

డోరా పాత ఫిర్యాదులు వెతికింది. మూడు నెలల కిందట ఇదే ఫిర్యాదు వస్తే సీనియర్ రోనాల్డ్ 'సమస్య లేదు' అని రాసి మూసేశాడు. వెళ్లి అడిగితే నవ్వాడు.

"అరే, జెర లైట్ తీస్కో డోరా. టైంపాస్‌కి మేం సుత చదివినం. మా గల్లీ లెక్చరర్ మేడం పేరు సుత ఉండె అండ్ల! ఏందీ, గిట్ల చూస్తున్నవ్?"

అతని చేతిలో సగం కొరికిన సమోసా ఉంది. అప్పుడూ ఇలాంటి నూనె వేళ్లతోనే తెర జరుపుతూ ఎవరి కడుపుకోతో చదువుకుని ఉంటాడు. డోరా తన డబ్బాలోని ఉప్మా తీసుకెళ్లి చెత్తబుట్టలో పారబోసింది.

యజమాని రామభద్రరావు అంతా విని, "ముందు సరిచెయ్యమ్మా. ఎవరికీ చెప్పకు. పరువు పోతుంది" అన్నాడు.

"ఆ ఆడవాళ్ల పరువు సార్?"

"వాళ్లకేం తెలుసు? తెలిస్తేనే కదా గొడవ."

రిపోర్టులో ఒక్క లైను దిద్దితే సరిపోయేది. కానీ రేపు ఇంకొకడు మరిస్తే? అందుకే డోరా కట్టడిని డేటాబేస్‌లోనే పెట్టింది. ప్రోగ్రాం ఏమడిగినా సరే, ఏ ఆస్పత్రి లాగిన్‌కు ఆ ఆస్పత్రి వరుసలే వస్తాయి. సాయంత్రం పళ్ల ఆస్పత్రి లాగిన్‌తో పేషెంట్లందరినీ చూపమంది. పంటి రోగులే వచ్చారు. ఏ ఆస్పత్రో చెప్పకుండా అడిగితే ఒక్క పేరూ రాలేదు.

బయటపడ్డ పేర్లన్నీ బోయిన్‌పల్లిలోని ఆడవాళ్ల ఆస్పత్రివి. అప్పుడు దాన్ని నడిపే డాక్టర్ దేవకృపకు ఫోన్ చేసి జరిగింది చెప్పింది.

"ఎంతమందివి?"

"మూడు వందల పన్నెండు, మేడమ్."

"మీ ఆఫీసులోనూ చదివారా?"

"చదివారు."

"ఛీ!"

ఆ మాట తనకూ తగిలింది. తగలాల్సిందేననుకుంది.

మర్నాడు పొద్దున్నే డాక్టరు ఆఫీసుకొచ్చింది. "చిన్న టెక్నికల్ పొరపాటండీ" అని రామభద్రరావు మొదలుపెట్టాడు. డోరా అడ్డొచ్చి, ఎవరు చదివారో పేరు పెట్టి చెప్పింది.

"దోస్తువనుకున్న గదనే" అన్నాడు రోనాల్డ్, ఏదో అన్యాయం జరిగినవాడిలా. ఆ ముఖం చూడబుద్ధి కాక తల తిప్పుకుంది.

వారంలో అతన్ని తీసేశారు. బోయిన్‌పల్లి ఆస్పత్రీ, ఇంకో ఎనిమిదీ కంపెనీని వదిలేశాయి. దేవకృప మూడు వందల పన్నెండు మందికీ తనే ఫోన్లు చేసి క్షమాపణ చెప్పుకుంది. కొందరు ఏడ్చారు. కొందరు ఆవిణ్నే తిట్టి, ఇక ఆ గుమ్మం తొక్కలేదు.