దిగుమతిదారు కన్యాకుమారి

కన్యాకుమారి ఆ పొద్దు మినప్పప్పు కడుగుతోంది. ఫోను మోగితే తడిచెయ్యి కొంగుకు తుడుచుకుని ఎత్తింది.

"కన్యాకుమారి గారేనాండీ? కొరియరు ఆఫీసు నుంచండి. బయటి దేశం నుంచి మీ పేరున పార్సిలొచ్చింది. కస్టమ్స్ డ్యూటీ, మా ఫీజు కలిపి రెండు వేల నూట నలభై కట్టాలి" అన్నాడు అవతలి మనిషి.

"నా పేరునేనా?" అని రెండుసార్లు అడిగింది. రాజాంలోని ఆ ఇంటికి కరెంటు బిల్లు మామగారి పేరున వస్తుంది, ఆయన పోయి ఆరేళ్ళయినా. గ్యాసు బండ భర్త పేరున వస్తుంది. శుభలేఖల మీద 'ఉమాశంకర్ దంపతులకు' అని ఉంటుంది. పదహారేళ్ళలో ఆ గుమ్మంలోకి ఆమె పేరుతో వచ్చిన మొదటి వస్తువు ఇదే.

"లోపలేముందండీ?"

"వాచీ అని రాసుందమ్మా. లేడీస్‌ది, ఒకటి."

ఫోను పెట్టేశాక ఆమె మళ్ళీ పప్పు ముందు కూర్చుంది. వచ్చే గురువారం పెళ్ళిరోజు. పెళ్ళికి ముందు ప్రైవేటు కాలేజీ ఆఫీసులో గుమస్తాగా చేసినప్పుడు మొదటి జీతంతో కొనుక్కున్న వాచీ ఒకటి ఉండేది. అది ఆగిపోయి ఎన్నాళ్ళో. ఉమాశంకర్‌ది మెయిన్ రోడ్డులో వాచీలు, ఫ్యాన్సీ సామాన్ల షాపే. బ్యాటరీ వేయించమని అడిగితే "ఇంట్లో ఉండేదానికి టైమెందుకే? కుక్కరు కూత లేదేటి?" అని నవ్వాడు. అత్తగారు తవిటమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు ఇన్నాళ్ళూ గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఇప్పుడు ఆ ముల్లు దానంతటదే కరిగిపోయింది. అంటే గుర్తుపెట్టుకున్నాడన్న మాట. షాపులో ఉన్నది తెచ్చి పడేయకుండా, ఎక్కడో దేశం కాని దేశం నుంచి, ఆమె పేరు రాయించి తెప్పిస్తున్నాడన్న మాట. అతని మీద తను మనసులో ఎన్ని అనుకుందో తలుచుకుని సిగ్గుపడింది. తెలిసిపోయిందని చెప్పి అతని సంబరం పాడుచేయకూడదనుకుంది. వీధిలోవాళ్ళ చీరలకు ఫాల్సు కుట్టగా దాచుకున్న డబ్బుతో డ్యూటీ కట్టేసింది. మూడో రోజు పార్సిలు వస్తే విప్పకుండా బీరువాలో పట్టుచీరల కింద పెట్టింది.

గురువారం పాయసం చేసింది. ఉమాశంకర్ రెండు గిన్నెలు తిన్నాడు. చేయి కడుక్కుంటూ, "ఏటే, నా పార్సిలొకటి రావాలి, నీకేటైనా ఫోనొచ్చిందేటి? కొరియరోళ్ళ కాయితాల్లో ఇచ్చిన సిమ్ము పని సెయ్యట్లేదు. రెండో నంబరని నీదిచ్చేను" అన్నాడు.

నా పార్సిలు అన్నాడు. ఆమె బీరువా తీసి తెచ్చి ఇచ్చింది. అప్పటికీ ఆశ చావలేదు, పరిహాసమాడుతున్నాడేమో అనుకుంది. అతను బ్లేడుతో అట్టపెట్టె కోశాడు. లోపల పన్నెండు వాచీలున్నాయి. అన్నీ మగవాళ్ళవి. నల్ల పట్టీలవి. పెట్టె మీది చీటీ ఇంగ్లీషులో ఉంది. ఆమె తలవంచి చదివింది. లేడీస్ వాచీ, ఒకటి. సొంత వాడకానికి. దిగుమతిదారు: కన్యాకుమారి.

"డ్యూటీ నువ్వే కట్టేసేవా? మంచి పని సేసేవు" అన్నాడు అతను వాచీలు లెక్కపెట్టుకుంటూ.

"నా పేరెందుకు రాశారు?"

"షాపు పేరున తెప్పిస్తే లైసెన్సులు, లెక్కలు, సవాలక్ష. ఇంట్లోకని నీ పేరు రాస్తే సులువు. నీ ఆధారు కార్డు, సంతకాలు నా దగ్గరున్నాయి కదా."

ఉన్నాయి. ఏడాదిన్నర కిందట ఓ సాయంత్రం అతను కాయితాల కట్ట తెచ్చి, "నీ పేరున ఒకటి సేస్తన్నాను, సంతకాలెట్టు" అన్నాడు. ఆ రోజుల్లో పాలకొండ రోడ్డులో ఇంటిస్థలం కొనే మాట నడుస్తోంది. స్థలమే అనుకుంది. అడిగితే ఆశపడుతున్నట్టుంటుందని ఏమిటని అడగలేదు, చదివితే అనుమానించినట్టుంటుందని చదవలేదు. అతను వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం పెట్టింది. గజపతినగరంలో ఉన్న తల్లికి ఫోను చేసి, "అమ్మా, మీ అల్లుడు నా పేరున ఏదో రాత్తన్నారే" అని చెప్పింది. తల్లి ఆ మాట అక్కచెల్లెళ్ళందరికీ చెప్పుకుంది. రాసిన మాట నిజమే. పన్నెండేసి వాచీల మీద రాశాడు.

ఆ పెట్టె సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే తన తెలివితక్కువతనమే చెప్పుకున్నట్టవుతుందని ఊరుకుంది. రెండు నెలలకు కస్టమ్స్ వాళ్ళ నుంచి నోటీసొచ్చింది. రిజిస్టర్డ్ పోస్టు. సంతకం ఆమె చేతే పెట్టించుకుని పోస్ట్‌మ్యాన్ ఇచ్చాడు. అయిదు పేజీల ఇంగ్లీషు. వంటింట్లో నిలబడి డిక్షనరీ లేకుండానే చదువుకుంది. ఆమె పేరున పదకొండు పార్సిళ్ళు. ఆమె చేతికొచ్చింది ఒకటే, మిగతావి షాపుకే వెళ్ళి ఉండాలి. చివరి రెండూ అధికారులు విప్పి చూస్తే చీటీ మీద ఒకటి, లోపల డజను. ఎగ్గొట్టిన డ్యూటీ ఇంత, దాని మీద జరిమానా ఎందుకు వేయకూడదో, కేసు ఎందుకు పెట్టకూడదో విశాఖపట్నం వచ్చి చెప్పుకోవాలి.

ఆ సాయంత్రమే ఉమాశంకర్ షాపు లెక్కలు చూసే రంగనాథం గారిని ఇంటికి తీసుకొచ్చాడు. ఆయన జవాబు టైపు చేయించుకునే వచ్చాడు. 'నేను చదువు లేని గృహిణిని. వాచీల మీద మోజుతో నా భర్తకు తెలియకుండా తెప్పించుకున్నాను. నిబంధనలు తెలియక చేసిన తప్పును మన్నించగలరు.'

"ఆడమనిషి, తెలీక సేసిందంటే ఆఫీసర్లు కనికరిస్తారమ్మా" అన్నాడు రంగనాథం. "కాస్త కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుంటే మరీ మంచిది."

"నేను డిగ్రీ చదివాను" అంది కన్యాకుమారి.

"ఇప్పుడది సెప్పుకోడానికి ఎల్తన్నామేటి?" అన్నాడు ఉమాశంకర్.

తవిటమ్మ గుమ్మంలో కూర్చుని వత్తులు చేస్తోంది. "ఆడి పేరైతే ఏటి, నీ పేరైతే ఏటి? ఒక్క సంసారం కాదేటి? మొదటి పెట్టొచ్చినప్పుడే సెప్పేను నేను, కోడలి పేరే మేలురా నాన్నా అని" అంది.

అంటే ఆవిడకి ముందే తెలుసు. ఏడాదిన్నరగా ఈ ఇంట్లో తల్లీకొడుకులిద్దరికీ తెలిసి, ఆవిడకు రెండు పూటలా మందులిచ్చి కాళ్ళు పట్టిన తనకు మాత్రం తెలియదు.

"తప్పు నామీదికొస్తే?" అని అడిగింది భర్తను.

అతను కోపంగా చెప్పలేదు. చిన్నపిల్లకు వివరించినట్టు చెప్పాడు. "నా పేరు బయటికొస్తే షాపు పోద్ది. బ్యాంకులో పరువు పోద్ది. రేపు ఎవుడూ సరుకివ్వడు. నీకు పోడానికేటుందే?"

కన్యాకుమారికి కొట్టినా అంత దెబ్బ తగిలేది కాదు. అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఉద్యోగం మానిపించింది అతనే. పుట్టింటివాళ్ళు ఇచ్చిన నగలు షాపు గదికి అడ్వాన్సు కట్టడానికని తాకట్టు పెట్టించిందీ అతనే. ఒకటొకటిగా అన్నీ తీసేసుకుని, ఇప్పుడు ఏమీ లేని మనిషి కాబట్టి ఇంతకంటే పనికొచ్చే పేరు దొరకదని లెక్క తేల్చుకున్నాడు. పెట్టె విప్పిన రోజు కూడా ఆమె మనసులో అతనికి ఎక్కడో చిన్న మినహాయింపు ఉంది, పనుల్లోపడి ఆలోచించకుండా చేశాడని. ఆలోచించే చేశాడు.

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. ముగ్గురికీ కాఫీ ఇచ్చింది. ఆ కాఫీని వాళ్ళు ఒప్పుదలనుకున్నారు.

విశాఖ వెళ్ళే రోజు తెల్లవారుజామునే లేచి పులిహోర కలిపి డబ్బాలో పెట్టింది. కారులో రంగనాథం మూడుసార్లు జవాబు అప్పజెప్పించాడు. ఆమె తప్పు లేకుండా అప్పజెప్పింది. కస్టమ్స్ ఆఫీసులో అధికారిణి, కన్యాకుమారి వయసే ఉంటుంది, "నోటీసు ఎవరికిచ్చామో వాళ్ళతో ముందు ఒంటరిగా మాట్లాడతాను" అని మగవాళ్ళిద్దర్నీ బయట కూర్చోమంది.

టైపు చేసిన కాయితం చదివి, "ఇది మీరే రాశారా?" అని అడిగింది.

"కాదండీ. నాకు తెల్ల కాయితాలు రెండు ఇప్పించండి."

ముప్పావుగంట రాసింది. తెలుగులోనే రాసింది. ఎవరు తెప్పించారో, కాయితాలు ఎప్పుడు ఎలా సంతకం చేసిందో, ఏమనుకుని చేసిందో. చదవకుండా సంతకం పెట్టడం తన తప్పేనని కూడా రాసింది. పాయసం సంగతి రాయలేదు. అధికారిణి రెండు పేజీలూ నిదానంగా చదివింది.

"ఇది ఇచ్చాక కేసు మీ ఆయన మీదికి తిరుగుతుంది. సంతకం మీది కాబట్టి మీకు పూర్తిగా తప్పిపోతుందని నేను మాటివ్వలేను. ఇంటికెళ్ళాక మీకు ఇబ్బందులుంటాయి. సంతకం పెట్టేముందు మళ్ళీ ఒకసారి చదువుకోండి. తొందరేం లేదు" అంది.

పెళ్ళిలో, కాలేజీకి రాజీనామా ఇచ్చినప్పుడు, నగలు తాకట్టుకిచ్చినప్పుడు, ఆ సాయంత్రం కాయితాల కట్ట మీద, ఎన్నిసార్లో సంతకం పెట్టింది కన్యాకుమారి. చదువుకోండి, తొందరేం లేదు అని తనతో అన్న మనిషి ఈ అధికారిణి ఒక్కతే. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రంగనాథం పెట్టుకోమన్న నీళ్ళు కావవి. ఆమె మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఒకచోట అక్షరం దిద్దింది. కింద పూర్తి పేరు రాసి సంతకం పెట్టింది.

అధికారిణి కాయితాలు అందుకుని తలుపు వైపు చూసింది. "బయట కూర్చున్న ఆ నీలం చొక్కాయన మీకేమవుతారు?"

"ఆ వాచీలు తెప్పించినాయనండి" అంది కన్యాకుమారి. "పిలవండి."