తడి కంచాలు

నలుగురి డబ్బు తీసుకుని పెంచి ఇవ్వడం రఘునందన్ పని. గుర్‌గావ్‌లో పదిహేడో అంతస్తులో అతని హెడ్జ్ ఫండ్ ఆఫీసు. ఢిల్లీ కంటోన్మెంటులో రెండు గదుల క్వార్టర్సులో పెరిగి, బ్యాంకులో చిన్న ఉద్యోగంతో మొదలుపెట్టి, యాభై ఏళ్ళు నిండేసరికి నాలుగు వేల కోట్లు చూసే మనిషయ్యాడు. అయినా ఆ పని ఏమిటో తండ్రి శేషగిరికి మాత్రం ఇప్పటికీ అంతుబట్టలేదు. పార్కులో తోటి రిటైరైనవాళ్ళు "మీవాడేం చేస్తాడు?" అంటే, "ఏదో పెద్ద ఆఫీసు" అని మాట మార్చేసేవాడు.

పోయిన ఏడాది రఘునందన్ నమ్మిన కంపెనీ ఒకటి నిలువునా కూలిపోయింది. తొలినాటి నుంచీ అతని దగ్గర డబ్బు పెట్టిన త్యాగరాజు అప్పుడే చెప్పేశాడు, "ఇంకోసారి ఇలా అయితే నేను తీసేసుకుంటాను రఘూ. నేను తీస్తే మిగతావాళ్ళూ ఆగరు" అని. అప్పటి నుంచి రఘునందన్‌కు ఏ కాగితం మీద సంతకం పెట్టాలన్నా చెయ్యి ఆగేది.

ఇప్పుడు ఫరీదాబాద్‌లో పంపులు తయారుచేసే కంపెనీ ఒకటి ముందుకొచ్చింది. ఆఫీసులో లెక్కలు చూసే తేజశ్రీ, రెండు వందల కోట్లు పెట్టవచ్చని రాసింది. శనివారం సాయంత్రంలోగా ఔనో కాదో చెప్పాలి. ఫ్యాక్టరీని ఒకసారి కళ్ళతో చూద్దామని రఘునందన్ ఆ ఉదయమే బయలుదేరాడు. కిందికొచ్చి చూసేసరికి శేషగిరి అప్పటికే కారులో కూర్చుని ఉన్నాడు.

"మీరెందుకు నాన్నా, ఎండలో?"

"నీ కారులో ఎండ ఎక్కడుందిరా? పోనివ్వు."

ఫ్యాక్టరీ అద్దంలా ఉంది. యంత్రాలన్నీ తిరుగుతున్నాయి. మేనేజరు వాళ్ళను షెడ్డు షెడ్డుకూ తిప్పి చూపించాడు. "పగటి షిఫ్టులోనే ఆరువందల మంది సార్. అందరికీ ఇక్కడే భోజనం" అన్నాడు. మధ్యాహ్నం క్యాంటీన్లో పనీరు కూర, వేడి రొట్టెలు పెట్టించాడు. రఘునందన్ మనసు ఔను వైపే మొగ్గింది.

తిన్నాక శేషగిరి చేతులు కడుక్కోవడానికని లేచి, ఎంతకీ తిరిగి రాలేదు. రఘునందన్ వెతుక్కుంటూ వెనక్కి వెళితే, ఆయన కంచాలు తోమే చోట చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. సైన్యంలో ముప్పై ఏళ్ళు రేషన్లు పంచి, మెస్సులు తనిఖీ చేసిన సుబేదారు నిలబడే తీరది.

"ఇటు రారా. ఈ స్టాండు చూడు, కంచాలు తడిగా ఉన్నాయి. ఆ ఐదు స్టాండ్లూ చూడు."

రఘునందన్ ఆ ఐదింటిలోంచి ఒక కంచం తీసి వేలితో గీశాడు. వేలికి దుమ్ము అంటింది.

శేషగిరి కంచాలు తోముతున్న ఆవిడ వైపు తిరిగి హిందీలో అడిగాడు. "బెహన్‌జీ, రోజూ ఎన్ని తోముతావమ్మా?"

"ఎనభై, బాబూజీ. ఇవాళ పక్క ఫ్యాక్టరీ వాళ్ళు కూడా వచ్చి తిన్నారు, నూటపది అయ్యాయి. ఎవరో పెద్దమనుషులు వస్తున్నారట."

"అచ్ఛా" అన్నాడు శేషగిరి. "ఆ పెద్దమనిషి మా వాడేలే."

ఆవిడ నవ్వి, చేతిలోని కంచం మరో రెండుసార్లు తోమింది.

కారు ఎక్కాక రఘునందన్ తేజశ్రీకి ఫోన్ చేశాడు. "వద్దని రాసెయ్యమ్మా."

"సర్, కాగితాల్లో అంతా బాగానే ఉంది కదా. కారణం ఏమని రాయను?"

"కంచాలు పొడిగా ఉన్నాయని రాయి. వచ్చాక చెబుతాను."

ఆ తర్వాత త్యాగరాజుకు చేసి, జరిగినదంతా దాచకుండా చెప్పాడు. ఆయన అంతా విని అడిగాడు.

"కంచాలు చూసింది నువ్వా?"

"కాదండీ, మా నాన్న."

"ఆయనకు జీతం ఎంతిస్తున్నావు?"

"ఏమీ లేదు. రెండు పూటలా ఫిల్టరు కాఫీ."

"చవగ్గా దొరికాడు. నా డబ్బు ఉన్నచోటే ఉండనీ. ఈసారి ఎక్కడికెళ్ళినా ఆయన్ని తీసుకెళ్ళు."

ఫోన్ పెట్టేసరికి శేషగిరి సీటుకు తల ఆనించి కునుకు తీస్తున్నాడు. రఘునందన్ ఏసీ గాలి ఆయన ముఖానికి కొట్టకుండా పక్కకు తిప్పాడు. ఏడాదిగా భుజాల మీద ఉన్న బరువేదో దిగినట్టనిపించింది. దారిలో బండి మీద జామకాయలు కనిపిస్తే ఆపించి, ఉప్పూ కారం చల్లించుకుని తిన్నాడు.

మర్నాడు పొద్దున తండ్రితోపాటు తనూ పార్కుకు వెళ్ళాడు. బెంచీ మీద కూర్చున్న పెద్దాయన ఒకాయన అలవాటుగా అడిగాడు, "మీవాడు ఇంతకీ ఏం చేస్తాడండీ?"

శేషగిరి ఈసారి మాట మార్చలేదు. చేతికర్ర బెంచీకి ఆనించి తీరిగ్గా కూర్చున్నాడు.

"నా పనేనండీ, మెస్సు తనిఖీ" అన్నాడు. "ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాడు."