ఫ్రిజ్‌లో పెట్టిన ఆకు

సైన్సు టీచరమ్మ కాలుగాలిన పిల్లి. కుర్చీ ఉన్నా కూర్చోదు, క్లాసులో ఒకచోట నిలవదు. ఆమె వెంట మెడలు తిప్పలేక పిల్లలు చస్తున్నారని ఎవరో పుణ్యాత్ములు ఫిర్యాదు చేశారు. అన్నవాళ్ళకేం, పోయేది ఆమె ఉద్యోగం. అదీ తాత్కాలికం. ఉంచాలో పంపాలో ఈరోజు పాఠం చూసి తేలుస్తానన్నారు హెడ్ మేడం.

పాఠం కణద్రవ్యం. పుస్తకంలో బొమ్మ చూస్తే కణం మధ్యలో కేంద్రకం, చుట్టూ ఖాళీ. కణద్రవ్యమంటే ఆ ఖాళీయేనని పిల్లలు ఏటా అక్కడ ఉత్త కాగితం వదిలేస్తారు. అది ఖాళీ కాదని, లోపల నడుస్తూ ఉంటుందని కళ్ళారా చూపిద్దామని ఆమె నీటిమొక్క ఆకు తెచ్చింది.

హెడ్ మేడం మైక్రోస్కోపులో కన్ను పెట్టారు.

"పచ్చచుక్కలున్నాయి. ఏదీ కదలట్లేదే."

టీచరమ్మ కూడా చూసింది. ఒక్క చుక్కకూ ఉలుకూ పలుకూ లేదు. మొక్క ఉన్న సీసా పట్టుకుంటే మంచులా తగిలింది. వాడిపోతుందేమోనని రాత్రి ఇంట్లో వదిన దాన్ని ఫ్రిజ్‌లో పెట్టింది. పాపం, మంచికే పెట్టింది. ఆ మంచే కొంప ముంచింది.

"ఫ్రిజ్‌లో ఉండి బిగుసుకుపోయింది మేడం. వెచ్చబడేదాకా ఆగాలి."

"మీరు? ఆగుతారా?"

వెనక బెంచీ కిసుక్కుమంది.

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. ఆకున్న గాజు స్లైడును అరచేతిలో పెట్టుకుని రెండో చెయ్యి పైన కప్పింది. కిటికీ దాకా ఒక్కసారి వెళ్ళి రావాలని ప్రాణం కొట్టుకుపోతోంది. కదిలితే స్లైడు జారుతుంది, దాంతోపాటు ఉద్యోగమూ జారుతుంది. ఏడుపొక్కటే తక్కువ.

కూర్చున్నచోటి నుంచే ఆమె స్లైడును మళ్ళీ మైక్రోస్కోపు కింద పెట్టాక హెడ్ మేడం చాలాసేపు తలెత్తలేదు.

"నడుస్తున్నాయే. గోడ వెంబడి, ఒకదాని వెనక ఒకటి."

"అవి నడవట్లేదండీ. కణద్రవ్యం మోసుకెళ్తోంది. అది మన కంటికి ఆనదు."

"ఇది ఆగిపోతే?"

"ఏదీ చేరాల్సిన చోటికి వేళకు చేరదు మేడం."

హెడ్ మేడం లేచి పిల్లల్ని వరసగా రమ్మన్నారు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగారు.

"వచ్చే ఏడు కింది తరగతికి కూడా మీరే చెప్పండి. ఆకు మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకండి."

వచ్చే ఏడు అన్న మాట చెవిన పడగానే టీచరమ్మ గబుక్కున లేవబోయింది. ఇంతసేపు కూర్చోవడం అలవాటు లేని కాళ్ళు తిమ్మిరెక్కి లేవనివ్వలేదు.